జామకాయ తిను, ఏప్రన్ మాత్రం విడవకు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

కాకినాడలో ఎక్స్‌రే టెక్నీషియన్‌గా చేరావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. నువ్వేవో యాంటీఆక్సిడెంట్ మాత్రలు కొన్నావని, అవి వేసుకుంటే రేడియేషన్ ఏమీ చేయదని ఎవరో నమ్మించారని కూడా చెప్పింది. అమలాపురంలో ముప్పై ఏళ్లు అదే పని చేసినవాణ్ణి, కాస్త విను.

ఆ మాటలో నిజం లేకపోలేదు. మన కణాల్లో ఎక్కువ భాగం నీరే. ఎక్స్‌రే తగిలితే ఆ నీరు విరిగి హైడ్రాక్సిల్ రాడికల్స్ అనే చురుకైన ముక్కలు పుడతాయి, అవి పక్కనున్న డీఎన్‌ఏను దెబ్బతీస్తాయి. విటమిన్ సి లాంటి యాంటీఆక్సిడెంట్లు వాటిని చల్లార్చగలవు. కానీ ఆ రాడికల్స్ ఆయుష్షు సెకనులో వందకోట్లో వంతు. విటమిన్ అప్పటికే అక్కడ ఉండాలి. పైగా కిరణం నేరుగా డీఎన్‌ఏకే తగిలితే ఏ విటమినూ అడ్డుకోలేదు.

ఎక్కువ మింగినా లాభం లేదురా. రోజుకు 200 మిల్లీగ్రాములు దాటాక విటమిన్ సి చాలావరకు మూత్రంలో పోతుంది. వంద గ్రాముల జామకాయలోనే దాదాపు అంత ఉంది! మీ పెరట్లో చిలకలు కొట్టి పడేస్తున్నవి అవే. దోరకాయ కోసి ఉప్పూ కారం అద్దుకుని తిను. తోటకూర ఉడికించిన నీళ్లు పారబోయొద్దని అమ్మకు చెప్పు, సగం సారం అందులోనే పోతుంది.

నీ సిగరెట్ సంగతి నాకు తెలుసు. ఫిన్లాండ్‌లో పొగతాగేవాళ్లకు బీటా కెరోటిన్ (క్యారెట్‌లో ఉండే యాంటీఆక్సిడెంట్) మాత్రలిచ్చి చూస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గలేదు సరికదా, పెరిగిందని 1994లో తేలింది. క్యారెట్ తిను, మాత్ర వద్దు. రేడియేషన్ చికిత్సకు వచ్చినవాళ్లకైతే ఆ మాత్రల డబ్బా గురించి ఎత్తకు. అది కణితిని కూడా కాపాడొచ్చు, వాళ్ల డాక్టరునే అడగమను.

నిన్ను కాపాడేది దూరం. కిరణాలు వచ్చే చోటు నుంచి రెట్టింపు దూరం జరిగితే మోతాదు నాలుగో వంతుకు పడిపోతుంది. సీసపు ఏప్రన్‌ను మడతపెట్టకు, లోపల పగుళ్లొస్తాయి. ఒంటికి తగిలిన రేడియేషన్‌ను కొలిచే బ్యాడ్జిని ఏప్రన్ లోపల, ఛాతీ దగ్గర పెట్టుకో. నేనొకసారి దాన్ని ఎక్స్‌రే రూములోనే మేకుకు తగిలించి సెలవు మీద పోయాను. ఆ మూడు నెలల రీడింగ్ చూసి పైవాళ్లు సంజాయిషీ అడిగారు. నా ఒంటికి తగలని మోతాదుకు రెండు పేజీలు రాసిచ్చాను, మీ అత్తయ్య ఇప్పటికీ నవ్వుతుంది. ఏడాదికి సగటున 20 మిల్లీసీవర్ట్‌లు (రేడియేషన్ మోతాదు కొలత) మన హద్దు. జాగ్రత్తగా ఉంటే అందులో చిన్న వంతు కూడా రాదు.

మాత్రలు షాపువాడు వెనక్కి తీసుకుంటాడేమో అడుగు. మొదటి రీడింగ్ రాగానే నాకు చెప్పు.

మీ మామయ్య