గోడ లేని ఇంట్లో ఇద్దరు

ప్రశ్న: నాకు 57 ఏళ్లు, మావారికి 62. ఇద్దరం రిటైరయ్యాం. పిల్లలు స్థిరపడ్డారు. ఇల్లు అమ్మేసి, ఆర్‌వీ (లోపలే వంట, పడక ఉండే ఇల్లులాంటి బండి) కొనుక్కుని, తిరుగుతూ బతకాలన్నది ఆయన చిరకాల కోరిక. నాకూ అభ్యంతరం లేదు. బండి పొడవు ఎనిమిది మీటర్లు. ఆయనవి 300 ఎల్పీ గ్రామఫోన్ రికార్డులు, ప్లేయరు, స్పీకర్లు, పెద్ద టీవీ, సినిమాలు నింపిన హార్డ్‌డిస్కులు అన్నీ బండెక్కుతున్నాయి. నా 600 పుస్తకాలకు పాతిక పట్టే అర ఒకటి ఇచ్చారు. పుస్తకాలు బరువు కాబట్టి మిగతావి ఈ-రీడర్‌లో చదువుకోమన్నారు. అదీ నిజమే. పెళ్లయి 32 ఏళ్లు. రాత్రిళ్లు ఆయన హాల్లో సినిమా చూస్తుంటే నేను వెనక గదిలో తలుపేసుకుని చదువుకుంటాను. ఆయన పడుకున్నాక హాల్లో లైటార్పి, బయట వదిలేసిన రికార్డులు కవర్లలో పెట్టి వస్తాను. మా మధ్య ఏ పోట్లాటలూ లేవు. ఆ పాతిక పుస్తకాలు ఎలా ఎంచుకోవాలో చెప్పండి.
- ఒక సోదరి

జవాబు: అమ్మా, మీరడిగినదానికి జవాబు రెండు ముక్కల్లో అయిపోతుంది. మళ్లీ దొరకనివి, అంచుల్లో మీ చేతిరాత ఉన్నవి, పేజీ తిప్పితే తప్ప తృప్తి కలగనివి తీసి పక్కన పెట్టుకోండి. మిగతావాటికి ఈ-రీడరు చాలు. వేల పుస్తకాలు పడతాయి, అక్షరాలు పెద్దవి చేసుకోవచ్చు, ఒకసారి చార్జి చేస్తే వారాల తరబడి వస్తుంది. కొద్దిరోజుల్లో అలవాటైపోతుంది. ఇక ఆ సంగతి వదిలేయండి.

మీ ఉత్తరంలో నేను ఆగిపోయింది ఇంకోచోట. ‘తలుపేసుకుని చదువుకుంటాను’ అన్నారే, అక్కడ. మీ ఇంట్లో పోట్లాటలు లేకపోవడానికి కారణం ఆ తలుపేనమ్మా. ఇటు మీరు, అటు ఆయన, మధ్యలో ఓ గోడ. 32 ఏళ్లు మీ ఇద్దరి తరఫునా అదే సర్దుకుపోయింది. ఇప్పుడు ఇల్లు అమ్మితే ఆ గోడ కూడా పోతుంది. ఎనిమిది మీటర్ల బండిలో వెనక గది ఉన్నా మధ్యలో ఉండేది పల్చటి అడ్డే. టీవీకీ మీ దిండుకూ మధ్య నాలుగడుగులు ఉంటే గొప్ప.

బరువు మాట ఆయనే ఎత్తారు కాబట్టి లెక్క కూడా చూద్దాం. పుస్తకం 400 గ్రాములనుకుంటే 600 పుస్తకాలు 240 కిలోలు. అంత వేయకూడదన్నది నిజం. ఏ ఆర్‌వీకైనా ఇంతకు మించి మోయకూడదని తయారీదారు పెట్టిన హద్దు ఉంటుంది. మనుషులు, సామాను, ట్యాంకులో నీళ్లు అన్నీ ఆ లోపలే రావాలి. లీటరు నీళ్లంటే కిలో. బాగానే ఉంది. మరి రికార్డు? కవరుతో కలిపి పావుకిలో తూగుతుంది. 300 రికార్డులు 75 కిలోలు. ప్లేయరు, స్పీకర్లు దానికి అదనం. మీ పాతిక పుస్తకాలు పది కిలోలు. కాటా మీ వైపు మాత్రమే ఎందుకు పెట్టారని మీకు అనిపించలేదా?

అదీగాక ఎండలో తలుపులేసిన బండిలో రికార్డులు వంకర తిరుగుతాయి. బండి సమంగా నిలబడకపోతే ప్లేయరు సరిగ్గా పాడదు. ఆర్‌వీ నేల ఇంటి గచ్చులాంటిది కాదు, మనిషి నడిస్తే బండంతా కదులుతుంది, సూది ఎగురుతుంది. రికార్డు ఒక వైపు పాడటానికి దాదాపు ఇరవై నిమిషాలు పడుతుంది. అంతసేపూ మీరు మంచినీళ్లకైనా లేవకుండా కూర్చోవాలి. ఆయన కదలొద్దంటారని కాదు. ఆయన అనకముందే మీరు కదలడం మానేస్తారు. నా భయం అదే.

పుస్తకాలకు ఈ-రీడరు ఎలాగో పాటలకు హార్డ్‌డిస్కు అలాగ. ఆ మాట మీరు ఆయనతో అనలేదు. ఎందుకనలేదు?

మీవారు చెడ్డవారని నేను అనడం లేదు. ఆయన ఏ రికార్డు ఏ కవర్లోదో మీకు కంఠతా వచ్చు. మీరిప్పుడు ఏ పుస్తకం చదువుతున్నారో ఆయనకు తెలుసా? తెలియకపోతే తప్పు ఆయన ఒక్కరిదే కాదు. తలుపు వేసుకున్నది మీరు. సర్దుకుపోవడమంటే నాకు గౌరవమే. అయితే దానికి ఇద్దరు కావాలి. ఒకరే సర్దుకుంటూ పోతే రెండోవారికి అక్కడ సర్దుకునేది ఏదో ఉందన్న సంగతే తెలియదు.

అందుకని ఇల్లు ఇప్పుడే అమ్మకండి. ముందు అలాంటి బండే ఒకటి అద్దెకు తీసుకుని నెల్లాళ్లు ఉండి చూడండి. అందులో కొన్ని రోజులు వానలు పడేలా చూసుకోండి, బయట అడుగు పెట్టలేని రోజే అసలు పరీక్ష. కరెంటు కనెక్షన్ లేనిచోట కూడా రెండు రాత్రులు ఆగండి. అక్కడ అన్నీ బండి బ్యాటరీ మీదే నడవాలి. 100 ఆంపియర్ అవర్ల 12 వోల్టుల బ్యాటరీలో నిండా ఉన్నా 1200 వాట్ అవర్ల కరెంటే. టీవీ, స్పీకర్లు కలిసి గంటకు అందులో వంద వాట్ అవర్లు లాగితే, మీ తల దగ్గరి చిన్న లైటు మూడో నాలుగో లాగుతుంది. చార్జి అడుగంటిన రాత్రి ముందు ఏది ఆర్పుతారో ఇద్దరూ గమనించండి. సినిమాకు హెడ్‌ఫోన్లు ఆయన పెట్టుకోవాలి. మీరు చెవుల్లో దూది పెట్టుకోవడం పరిష్కారం కాదు. బండి నడపడం, మురుగు ట్యాంకు ఖాళీ చేయడం మీరూ నేర్చుకోండి. రేపు ఇల్లు అమ్మినా ఆ డబ్బు ఇద్దరి పేరుతోనే ఉండాలి. ఇందులో మొహమాటం వద్దు.

అరల సంగతి ఆ తర్వాత, టేపు పట్టుకుని ఇద్దరూ కలిసి కొలవండి.

ఈలోగా ఒక పని చేయండి. ఈ రాత్రి మీ పుస్తకం పట్టుకుని హాల్లోకి వెళ్లి ఆయన పక్కన కూర్చోండి. ఏమిటిలా వచ్చావని అడిగితే, బండిలో ఎలా ఉంటుందో చూద్దామని వచ్చానని చెప్పండి. కాసేపయ్యాక సౌండు తగ్గించమని అడగండి. పడుకోబోయే ముందు బయటున్న రికార్డులు మాత్రం ముట్టుకోకండి.