పాఠకుల ప్రశ్నలు: లిపోజోమ్‌లో మందు ఎందుకు పేరుకుంటుంది?

ప్రశ్న: కాంతితో క్యాన్సర్ కణాలను చంపే టెమోపోర్ఫిన్‌ను డీపీపీసీ అనే లిపిడ్ (కొవ్వు పదార్థం)తో చేసిన లిపోజోమ్‌లలో, అంటే సూక్ష్మ బుడగలలో నింపుతున్నాం. రెండు రోజులకే అడుగున మడ్డి పేరుకుంటోంది. కారణం ఏమిటి?
– ఎం.ఫార్మసీ విద్యార్థిని, గుంటూరు

జవాబు: ముందు మందు పాళ్లు చూడండి. టెమోపోర్ఫిన్ నీటిలో కరగదు, లిపిడ్ పొరలోనే ఇముడుతుంది. అక్కడ చోటు తక్కువ. ఒక మందు అణువుకు కనీసం 50, వీలైతే 100 లిపిడ్ అణువులు ఉంచండి. మందు ఎక్కువైతే దాని అణువులు ఒకదానికొకటి అతుక్కుంటాయి. అలా గుమిగూడిన మందు 652 నానోమీటర్ల కాంతి తగిలినా కణాలను చంపే చురుకైన ఆక్సిజన్ రూపాన్ని (సింగ్లెట్ ఆక్సిజన్‌ను) సరిగా పుట్టించదు. మడ్డి కంటికి కనిపించే లోపం మాత్రమే, అసలు దెబ్బ చికిత్సకే.

ఇది తేల్చడానికి కొద్ది నమూనాలో లిపిడ్ పొరను కరిగించే డిటర్జెంట్ ట్రైటాన్ ఎక్స్-100 కలిపి ఫ్లోరెసెన్స్ (మందు వెలువరించే కాంతి) కొలవండి. బాగా పెరిగితే మందు అంతకుముందు పొరలోనే గుమిగూడి, ఇప్పుడు విడిపోయిందన్నమాట.

రెండోది వేడి. డీపీపీసీ పొర 41 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. ఎండిన లిపిడ్ ఫిల్మ్‌ను తడిపే బఫర్ ద్రావణం, లిపోజోమ్‌లను ఫిల్టర్ గుండా నెట్టే ఎక్స్‌ట్రూడర్ దిమ్మ రెండూ 50 డిగ్రీల దగ్గర ఉండాలి. చల్లగా ఉంటే 100 నానోమీటర్ల ఫిల్టర్ మూసుకుపోతుంది, బలంగా నొక్కితే చిరుగుతుంది. 400, 200 నానోమీటర్ల ఫిల్టర్లు దాటించాకే 100కి రండి. 11 సార్లు నెట్టండి. బేసి సంఖ్య అయితే వడపడని ద్రవం చివరి సిరంజిలోకి రాదు.

డీపీపీజీ అనే మరో లిపిడ్‌ను పదో వంతు కలపండి. దాని రుణావేశం లిపోజోమ్‌లను దూరంగా ఉంచుతుంది. బఫర్‌లో ఉప్పు తగ్గించడమూ మేలు, ఉప్పు ఆ ఆవేశాన్ని కప్పేస్తుంది. ఇలాగే లిపోజోమ్‌లో ఉండే మరో కాంతి మందు విసుడైన్‌ను సెలైన్ (ఉప్పునీరు)లో కాక 5 శాతం డెక్స్‌ట్రోజ్‌లోనే పలచన చేయాలి, సెలైన్‌లో అది పేరుకుంటుంది.

పనంతా మసక వెలుతురులోనే చేయండి. నిల్వ 4 డిగ్రీల దగ్గర, ఫ్రీజర్‌లో వద్దు.