మగ్గు అడగడానికి మొహమాటం ఎందుకు?

(చెన్నైలో ముప్పై రెండు గదుల హోటల్‌లో పంతొమ్మిదేళ్లు ఫ్రంట్ ఆఫీసు చూసి, ఇప్పుడు తిరుపతిలో స్థిరపడిన మా శీర్షిక రచయిత్రి ఈసారి మూడు ఉత్తరాలకు జవాబిస్తున్నారు.)

ప్రశ్న: అక్కా, మాది చిత్తూరు, గిరింపేట. రిటైరైన టీచర్ని. మా పెళ్లయి 35 ఏళ్లయిందని, ముంబైలో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి కొలాబాలో ఏదో బొటిక్ హోటల్ అట, రెండు రాత్రులకు గది బుక్ చేశాడు. నాకు తెలిసి బొటిక్ అంటే జాకెట్లు కుట్టే చోటు. ఫోటోల్లో చూస్తే బాత్రూముకు గోడ లేదు, అద్దం ఉంది. నాకు మోకాళ్ల నొప్పులు. మా ఆయన తెల్లవారుజామున నాలుగున్నరకే లేచి స్నానం చేసి సంధ్యావందనం చేసుకుంటారు. మేమెప్పుడూ తిరుమల కాటేజీల్లోనో, చుట్టాల ఇళ్లలోనో తప్ప ఎక్కడా దిగలేదు. తెలియక ఏదైనా చేస్తే పిల్లవాడి పరువు పోతుందేమోనని ఒకటే టెన్షన్. క్యాన్సిల్ చేయమని చెప్పేదా?

జవాబు: వద్దు టీచరమ్మ గారూ, క్యాన్సిల్ చేయించకండి. మీ భయాలన్నీ ఒక్క ఫోన్‌తో తీరేవే. ఆ ఫోన్ ఎలా చేయాలో చెబుతాను.

ముందు ఆ పేరు సంగతి. ఫ్రెంచిలో బొటిక్ అంటే చిన్న దుకాణం. 1984లో న్యూయార్క్‌లో ఇయాన్ ష్రేగర్, స్టీవ్ రుబెల్ అనే ఇద్దరు మోర్గన్స్ అనే హోటల్ తెరిచారు. పెద్ద హోటళ్లు అన్నీ దొరికే పెద్ద బజారులాంటివైతే తమది బొటిక్ లాంటిదని చెప్పుకున్నారు. ఆ మాట అలా పాకింది. అంటే గదులు తక్కువ, ఏ గదికి ఆ గది వేరుగా ఉంటుంది, అలంకరణలో ఎవరో ఒకరి అభిరుచి కనిపిస్తుంది. త్రీ స్టార్, ఫైవ్ స్టార్ అన్నట్టు ఇదొక మెట్టు కాదు. స్టార్లు ఇచ్చేది కేంద్ర పర్యాటక శాఖ. బొటిక్ అన్నది హోటల్ వాళ్లు తమకు తాము పెట్టుకునే మాట. అందుకే ఆ పేరుతో చాలా మంచివీ ఉన్నాయి, ఫోటోలు తప్ప ఏమీ లేనివీ ఉన్నాయి.

ఇలాంటి చోట మీకు కలిసొచ్చే విషయం ఒకటుంది. గదులు తక్కువ కాబట్టి ఫోన్ ఎత్తిన మనిషికి ప్రతి గదీ తెలిసి ఉంటుంది. బుకింగ్ యాప్‌కి కాకుండా నేరుగా హోటల్‌కే చేయండి. మధ్యాహ్నం మూడు తర్వాత చేస్తే, వచ్చేవాళ్ల, పోయేవాళ్ల హడావుడి తగ్గి మీతో తీరుబడిగా మాట్లాడతారు.

మొదట అడగాల్సింది లిఫ్ట్ గురించి. కొలాబాలో పాత కట్టడాలు ఎక్కువ. వాటిని బయటి రూపు చెడకుండా హోటళ్లుగా మార్చినప్పుడు కొన్నింటిలో లిఫ్ట్ ఉండదు. ఉన్నా వీధిలోంచి లిఫ్ట్ దాకా నాలుగైదు మెట్లు ఉండొచ్చు. 'లిఫ్ట్ ఉందా' అని అడిగి ఊరుకోకండి. 'ఆటో దిగిన చోటు నుంచి నా మంచం దాకా మొత్తం ఎన్ని మెట్లు ఎక్కాలి' అని అడగండి. (దక్షిణ ముంబైలోకి ఆటోలను రానివ్వరు, అక్కడ ట్యాక్సీలే. మాట అలవాటులో ఆటో అన్నాను.) తర్వాత, వీధివైపు గదా, లోపలివైపు గదా అని అడగండి. వీధివైపు గది చూడ్డానికి బాగుంటుంది కానీ రాత్రి రెండింటిదాకా హారన్లు వినిపిస్తాయి. మీవారు నాలుగున్నరకు లేస్తారు కాబట్టి లోపలి గదే అడగండి.

అద్దం గోడకు చాలాచోట్ల లోపలో బయటో తెర ఉంటుంది. మంచం పక్కన ఉండే స్విచ్చు నొక్కితే కిందికి దిగుతుంది. లేదంటే 'మామూలు తలుపున్న బాత్రూము గది కావాలి' అని అడగండి. ఇలాంటి హోటళ్లలో గదులన్నీ ఒకేలా ఉండవని చెప్పాను కదా, అది ఇక్కడే పనికొస్తుంది.

ఇక మీరు రాయని విషయం ఒకటి నేను చెప్పాలి. మా హోటల్‌కి ఒకసారి పలమనేరు వైపు నుంచి ఒక పెద్దాయన, ఆయన భార్య వచ్చారు. మర్నాడు పొద్దున ఆవిడ లిఫ్ట్ దిగి వచ్చి, సోఫా దాకా నడిచి, మళ్లీ పైకి వెళ్లిపోయారు. ఇలా మూడుసార్లు. చేతిలో తాళం కార్డును చీర కొంగుతో పట్టుకుని ఉన్నారు, జారిపోతుందేమోనన్నట్టు. నాలుగోసారి నేనే దగ్గరికెళ్లి, 'ఏమ్మా, ఏమైనా కావాలా' అని తెలుగులో అడిగాను. ఆవిడ కళ్లు ఒక్కసారిగా చెమర్చాయి. 'ఒక బకెట్టు, మగ్గు ఉంటే ఇప్పిస్తావా తల్లీ' అన్నారు. గదిలో పైనుంచి పడే షవరే తప్ప బకెట్టు, మగ్గు లేవు. తల తడిస్తే జలుబు చేస్తుందని, నీళ్లు కిందికి ఎలా తిప్పాలో తెలియక, ఆవిడ ముందు రోజు సాయంత్రం నుంచి స్నానం చేయలేదు. అడగడానికి మొహమాటపడి అలాగే ఉండిపోయారు. తప్పు ఆవిడది కాదు, మాది. గది అందం చూసుకున్నాం తప్ప, అందులో ఉండేవాళ్ల అలవాటు ఆలోచించలేదు. ఆ రోజు నుంచి పెద్దవాళ్లు వస్తున్నారని తెలిస్తే, వాళ్లు అడగకముందే బకెట్టు, మగ్గు, చిన్న ప్లాస్టిక్ స్టూలు గదిలో పెట్టించేదాన్ని.

కాబట్టి ఫోన్లోనే చెప్పేయండి: బకెట్టు, మగ్గు, స్టూలు కావాలి, నాలుగున్నరకు వేడినీళ్లు రావాలి. ఇవి గొంతెమ్మ కోరికలు కావు. హౌస్‌కీపింగ్ వాళ్లు రోజూ ఇచ్చేవే. షవర్ కింద గోడకున్న మీటను ఒకవైపు తిప్పితే వేడి, ఇంకోవైపు తిప్పితే చల్లన. నీళ్లు పైనుంచి రావాలా, కింది కుళాయిలో రావాలా అనేదానికి పక్కనే ఒక పిడి ఉంటుంది. గది చూపించడానికి వచ్చిన అబ్బాయిని వెళ్లేముందు ఒకసారి తిప్పి చూపించమనండి.

గదిలోకి వెళ్లగానే తలుపు పక్కన గోడకున్న గాడిలో తాళం కార్డు పెడితేనే లైట్లు వెలుగుతాయి. దుప్పటి అంచులు పరుపు కిందికి దోపి ఉంటాయి, లాగేసుకోండి. బల్ల మీద కెటిల్, కాఫీ పొడి ప్యాకెట్లు, 'కాంప్లిమెంటరీ' అని రాసి ఉన్న నీళ్ల సీసాలు ఉచితం. ఫ్రిజ్‌లో ఉన్నవాటికి మాత్రం పక్కనే ధరల కార్డు ఉంటుంది, ముట్టుకునేముందు చూసుకోండి.

మీవారికి ఒక ముఖ్యమైన మాట. సంధ్యావందనానికి ఏ ఇబ్బందీ లేదు, కానీ గదిలో దీపం, అగరబత్తి, కర్పూరం వెలిగించకూడదు. పైకప్పులో పొగను పసిగట్టే పరికరం ఉంటుంది. తెల్లవారుజామున అది మోగితే హోటలంతా లేస్తుంది. డాబా మీదికి వెళ్లనిస్తారా అని అడగండి. చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు.

తిరుమలలో గది తీసుకున్న గంట నుంచి 24 గంటల లెక్క కదా, ఇక్కడ అలా ఉండదు. ఎక్కువచోట్ల మధ్యాహ్నం రెండింటికి గది ఇచ్చి, పన్నెండుకో, పదకొండుకో ఖాళీ చేయమంటారు. మీ రైలు పొద్దున్నే దిగితే సామాను హోటల్‌లో పెట్టి తిరిగి రావచ్చు, సాధారణంగా దానికి డబ్బు తీసుకోరు. గేట్‌వే ఆఫ్ ఇండియా కొలాబాలోనే. అక్కడి నుంచే ఎలిఫెంటా గుహలకు పడవలు వెళ్తాయి. సోమవారం గుహలు మూసి ఉంటాయి, ఆ రోజు పెట్టుకోకండి.

పట్టుచీర కట్టుకోవాలనిపిస్తే కట్టుకోండి. 35 ఏళ్ల పెళ్లిరోజు కదా! అది కూడా ఫోన్లో చెప్పండి.

ప్రశ్న: తిరుపతి కొర్లగుంటలో మాకు షాపు ఉంది. పని మీద బెంగళూరు వెళ్లి ఒక చిన్న, ఖరీదైన హోటల్‌లో ఒక రాత్రి ఉన్నాను. గది 7,600 అన్నారు, బిల్లు 8,968 వచ్చింది. చేరగానే కార్డు మీద 5,000 పట్టుకున్నారు, నాలుగు రోజులైనా వెనక్కి రాలేదు. భోజనం బిల్లులో 10 శాతం సర్వీస్ ఛార్జీ వేశారు. ఇదంతా మోసమేనా?

జవాబు: మూడూ ఒకటి కాదండీ.

గది బిల్లు సరైనదే. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయల వరకు ఉన్న గదికి జీఎస్టీ 5 శాతం, అది దాటితే 18 శాతం. మీ 7,600 మీద 1,368 పడింది. అదే గదిని 7,400కి ఇచ్చి ఉంటే పన్ను 370తో కలిపి 7,770 అయ్యేది. రేటులో 200 తేడాకు బిల్లులో దాదాపు 1,200 తేడా! అందుకే 7,500కి కాస్త పైన ఉన్న రేటు చెబితే, 'దానికి లోపల వచ్చేలా చూడండి' అని బేరమాడండి. నేను కౌంటర్లో ఉన్నప్పుడు ఇలా అడిగినవాళ్లకు నా చేతనైనంతవరకు తగ్గించేదాన్ని.

ఆ 5,000 సాధారణంగా డిపాజిట్. క్రెడిట్ కార్డయితే డబ్బు తీసుకోకుండా ఆ మేరకు ఆపి ఉంచుతారు. డెబిట్ కార్డులో మాత్రం ఖాతాలోంచి పోయినట్టే కనిపిస్తుంది. గది ఖాళీ చేశాక హోటల్ వాళ్లు ఆ డబ్బు వదిలేసినా బ్యాంకు వైపు నుంచి కొన్ని రోజులు పట్టొచ్చు. హోటల్‌కి ఫోన్ చేసి, వదిలిన తేదీ, రిఫరెన్స్ నంబరు మెయిల్‌లో పంపమని అడగండి. అది చేతిలో ఉంటే బ్యాంకుతో మాట్లాడటం తేలిక. వాళ్లు ఆ నంబరు ఇవ్వలేకపోతే మాత్రం అనుమానించాల్సిందే.

సర్వీస్ ఛార్జీ దగ్గర న్యాయం మీ వైపే ఉంది. బిల్లులో దానంతటదే కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది. ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో వాటిని సమర్థించింది. తీసేయమని అడిగే హక్కు మీకుంది. తీయకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915కి ఫోన్ చేయండి. మనసుకు నచ్చి వడ్డించిన పిల్లవాడి చేతిలో వందో, రెండొందలో పెడితే అది వేరు. అది నేరుగా అతనికి చేరుతుంది.

ప్రశ్న: మా అమ్మాయికి చెన్నై సిరుసేరిలో పొద్దున తొమ్మిదిన్నరకు ఇంటర్వ్యూ. ముందు రోజే వెళ్లి టి.నగర్‌లో ఒక చిన్న హోటల్‌లో ఒంటరిగా ఉంటానంటోంది. పంపొచ్చా? – ఒక తల్లి, బైరాగిపట్టెడ, తిరుపతి

జవాబు: పంపండమ్మా. తిరుపతి నుంచి చెన్నైకి రైల్లో మూడు, మూడున్నర గంటలే అయినా, తొమ్మిదిన్నరకు సిరుసేరిలో ఉండాలంటే ముందు రోజు వెళ్లాల్సిందే. కానీ టి.నగర్ వద్దు. అక్కడి నుంచి పొద్దున ట్రాఫిక్‌లో గంటన్నర పట్టినా ఆశ్చర్యం లేదు. పాత మహాబలిపురం రోడ్డు మీదే, సిరుసేరికి దగ్గర్లో చూడమనండి.

రాత్రంతా కౌంటర్లో మనిషి ఉంటారా అని ముందే అడగండి. చిన్న హోటళ్లలో కొన్నింటికి పదకొండు తర్వాత వాచ్‌మన్ తప్ప ఎవరూ ఉండరు, అలాంటిది వద్దు. గది మొదటి అంతస్తులోనో, ఆ పైనో తీసుకోమనండి. కౌంటర్లో నలుగురి ముందు గది నంబరు పైకి చదివితే, వేరే గది ఇమ్మని అడగడానికి వెనుకాడొద్దని చెప్పండి. నేను నంబరు కాగితం మీద రాసి ఇచ్చేదాన్ని, ఎప్పుడూ పైకి అనలేదు. ఎవరు తలుపు తట్టినా కౌంటర్‌కి ఫోన్ చేసి కనుక్కున్నాకే తీయాలి.

గుర్తింపు కోసం ఆధార్ అడుగుతారు. ఆధార్ ఇచ్చే సంస్థ యూఐడీఏఐ సైట్‌లో మాస్క్‌డ్ ఆధార్ దొరుకుతుంది, అందులో చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి. అదే ప్రింట్ తీసి ఇచ్చి పంపండి. ఇంటర్వ్యూ బట్టలకు ఇస్త్రీ పెట్టె కావాలని చేరగానే చెప్పమనండి. రాత్రి పదింటికి అడిగితే ఉన్న ఒక్కటీ వేరే గదిలో ఉంటుంది.