కాలువలో నడిపే నమూనా పడవకు బ్యాటరీ, ఈఎస్‌సీ ఎంపిక

అమలాపురం దగ్గరి పంటకాలువలో నడిపే రెండడుగుల నమూనా పడవకు 1000 కేవీ బ్రష్‌లెస్ మోటారు కొన్నామని, దానికి ఏ బ్యాటరీ, ఎన్ని ఆంపియర్ల ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని అదుపు చేసే ఎలక్ట్రానిక్ పరికరం) వాడాలని అడిగారు.

కేవీ అంటే ఇక్కడ కిలోవోల్టు కాదు. లోడు లేనప్పుడు ఒక్కో వోల్టుకు మోటారు నిమిషానికి తిరిగే చుట్ల సంఖ్య. మూడు సెల్లుల లిపో (లిథియం పాలిమర్) బ్యాటరీ ప్యాక్ 11.1 వోల్టులు ఇస్తుంది కనుక సుమారు 11,100 చుట్లు వస్తాయి, మీ పడవకు అవి చాలు.

అసలు జాగ్రత్త ఈఎస్‌సీ దగ్గరే అవసరం. మోటారు గరిష్ఠ కరెంటు 20 ఆంపియర్లయితే నమూనా విమానానికి 30 ఆంపియర్ల ఈఎస్‌సీ సరిపోతుంది గానీ, గుర్రపుడెక్క అల్లుకున్న మన కాలువల్లో 40కి తగ్గవద్దని నా గట్టి అభిప్రాయం. ఎందుకంటే వెంట్రుకల్లాంటి ఆ వేర్లు ప్రొపెల్లరు ఇరుసుకు చుట్టుకొని మోటారు బిగుసుకున్న క్షణంలో కరెంటు అమాంతం పెరిగి, ఈఎస్‌సీలోని మాస్‌ఫెట్లు (కరెంటును నియంత్రించే ట్రాన్సిస్టర్లు) కాలిపోతాయి. వెనక్కి తిప్పే సౌకర్యం, నీటితో చల్లబరిచే గొట్టాలు ఉన్న, పడవల కోసం చేసిన ఈఎస్‌సీనే కొనండి.

బ్యాటరీ సామర్థ్యం 2200 ఎంఏహెచ్ (అంటే 2.2 ఆంపియర్-అవర్లు), 25 సీ (సామర్థ్యానికి ఎన్ని రెట్ల కరెంటు ఇవ్వగలదో చెప్పే అంకె) అయితే లెక్క ప్రకారం 2.2ను 25తో గుణిస్తే 55 ఆంపియర్లు; లేబుళ్లు తరచూ ఎక్కువ చెబుతాయి కనుక అందులో సగాన్నే నమ్మండి, అయినా మీ 20కి సరిపోతుంది. ఈఎస్‌సీ కట్ఆఫ్‌ను (బ్యాటరీ వోల్టేజి తగ్గినప్పుడు మోటారుకు కరెంటు ఆపే హద్దును) సెల్లుకు 3.4 వోల్టుల దగ్గర పెట్టి, ఒడ్డుకు తెచ్చిన ప్యాక్ పూర్తిగా చల్లారాకే ఛార్జింగ్ పెట్టండి. ఉబ్బిన ప్యాక్‌ను మళ్లీ వాడనే వాడకండి.