అన్నయ్యను వెళ్ళమన్నది నేనే

డెబ్బై ఏళ్ళు దాటిన ఒక పాఠకురాలి ఉత్తరం ఇది. ఆమె అన్నయ్య 1968లో రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేరి, ఏడాది తిరిగేసరికి ఆ ఉద్యోగం వదిలి సైన్యంలోకి వెళ్ళారు. 1971 డిసెంబరులో పాకిస్తాన్‌తో జరిగిన యుద్ధంలో, ఇరవై రెండేళ్ళకే మరణించారు. చేరే ముందు చెల్లెలిని అడిగితే, అప్పటికి పదిహేడేళ్ళ ఆమె "వెళ్ళన్నయ్యా, నాన్నకు నేను చెబుతాలే" అన్నారట. టెలిగ్రాం వచ్చిన రోజు తండ్రి ఆమెను చూసి "నువ్వే పంపావు" అన్నారు. ఇప్పుడు రైల్వేలోనే, పట్టాలు చూసుకునే ట్రాక్ మెయింటెయినర్‌గా ఉన్న మనవడు సైన్యంలో చేరతానని, తన తండ్రిని ఒప్పించమని ఆమెనే అడుగుతున్నాడు. నెల రోజులుగా ఆమె అతనితో మాట్లాడటం లేదు.

అమ్మా, అప్పటికే అన్నయ్యకు ఛాతీ కొలతలు, వైద్య పరీక్ష అయిపోయాయని మీకు తరవాత తెలిసినట్టు ఉత్తరం చివర ఒక్క ముక్కలో రాసి వదిలేశారు. నేను అక్కడే ఆగిపోయాను. ఆయన మీ దగ్గరకు వచ్చేనాటికి నిర్ణయం జరిగిపోయింది. ఇంట్లో తన పక్షాన మాట్లాడే మనిషి కోసం వచ్చారు. నాన్నగారిని మెత్తబరచడంలో మీ మాట పనిచేసి ఉండవచ్చు, అది లేదని నేను అనను. అయితే 1971 డిసెంబరు 3 సాయంత్రం మన వైమానిక స్థావరాలపై దాడి జరుగుతుందని 1969లో మీకే కాదు, ఎవరికీ తెలియదు. పదమూడు రోజుల ఆ యుద్ధంలో మూడువేల ఎనిమిది వందల మందికి పైగా మన సైనికులు పోయారు. వారిలో ఎందరి ఇళ్ళలో ఏ అక్కో చెల్లెలో "వెళ్ళు" అని ఉంటుందో ఒక్కసారి తలచుకోండి.

"నువ్వే పంపావు" అన్న మాట నాన్నగారు మళ్ళీ ఎన్నడూ ఎత్తలేదని రాశారు. ఆ మౌనాన్ని మీరు శిక్షగా తీసుకున్నారు. కొడుకు పోయిన క్షణంలో నోరు జారిన తండ్రి, ఆ తరవాత దాన్ని తలచుకోవడానికే సిగ్గుపడి ఉంటారని నాకు అనిపిస్తోంది. మీ పెళ్ళికి అన్నయ్య పెట్టెను ఆయన మీ చేతికే ఇచ్చారని కూడా మీరే రాశారు కదా.

ఇక మనవడి సంగతి. అతను మీ అన్నయ్య కాడు, ఈ రోజులు అప్పటి రోజులూ కావు. 2022 నుంచి జవానుగా చేరే ప్రధాన దారి అగ్నిపథ్ పథకం: నాలుగేళ్ళ సేవ, ఆ తరవాత కొనసాగించేది అత్యధికంగా నూటికి ఇరవై ఐదుగురిని, మిగిలినవారికి పెన్షన్ ఉండదు. పర్మనెంట్ ఉద్యోగం వదిలేవాడు ఈ లెక్క తెలిసి వదలాలి. ఉద్యోగం చేసుకుంటూనే సేవ చేయాలనుకునేవారికి టెరిటోరియల్ ఆర్మీ ఉంది. దాని రైల్వే ఇంజనీర్ విభాగాల్లో రైల్వే సిబ్బందే పనిచేస్తూ వచ్చారు. ఇప్పుడు అవకాశాలు బాగా తగ్గిపోయినా అడిగి తెలుసుకోవడంలో నష్టం లేదు. (పట్టాల మీద పని కూడా ప్రాణాపాయం లేనిదేమీ కాదని, గ్యాంగ్‌మన్ చెల్లెలైన మీకు నేను చెప్పనక్కరలేదు.)

మీ అబ్బాయిని ఒప్పించే పని మాత్రం మీరు తీసుకోవద్దు. "మీ నాన్నతో నువ్వే మాట్లాడు, నేను పక్కన కూర్చుంటాను" అని మనవడికి చెప్పండి. భయంగా ఉందని కూడా దాచకుండా చెప్పండి. కానీ అన్నయ్య మరణాన్ని అతని కాళ్ళకు అడ్డం వేయకండి. మీ ఇంట్లో పటంలో దండతో ఉన్న మనిషినే అతను ఎరుగును. గునపం పట్టి బొబ్బలెక్కిన చేతులు చూపించి మిమ్మల్ని నవ్వించిన కుర్రవాణ్ణి ఎరుగడు.

ఢిల్లీలో 2019 ఫిబ్రవరిలో ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకంలో, స్వాతంత్ర్యం తరవాత యుద్ధాల్లో అమరులైన సైనికుల పేర్లు త్యాగచక్రం అనే వలయంలోని గోడల రాళ్ళమీద చెక్కి ఉన్నాయి. ఓపిక ఉంటే మనవడితో కలిసి వెళ్ళి అన్నయ్య పేరు వెతకండి. అంతకన్నా ముందు ఈ ఆదివారం ఆ పెట్టె తెరిచి, ఉత్తరాలు మనవడి చేత చదివించుకోండి. అతను ఏమి అడిగినా చెప్పండి. ఆ రోజు మీరు అన్నయ్యతో ఏమన్నారో అది కూడా.