వాటర్ క్యాన్ల లెక్క: సీజన్ వేరు, పెరుగుదల వేరు

చిరంజీవి చిన్నమ్మాయికి పెదనాన్న ఆశీర్వదించి రాయునది.

నువ్వు పంపిన 2022 నుంచి 2025 దాకా క్యాన్ల అమ్మకాల షీటు చూశాను. వేసవికి ఎన్ని క్యాన్లు సిద్ధం చేసుకోవాలో తేలక టెన్షన్ పడుతున్నావని అర్థమైంది. గ్రాఫు మీద ఒక్క గీత గీసి దాన్నే నమ్మకు తల్లీ. కూల్‌డ్రింక్స్ ఏజెన్సీలో లెక్కలు రాసే రోజుల్లో నేను ఆ పనే చేశాను. నవంబరు నుంచి మే దాకా అమ్మకాలకి గీత గీస్తే నిటారుగా పైకి పోయింది. ఆ గీత ప్రకారం ఆగస్టుకి సరుకు దించాం, సగం గోడౌన్‌లోనే ఉండిపోయింది. పెరిగింది వ్యాపారం కాదు, ఎండ. మన నెల్లూరుకి గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు లోపలే కదా. బేరం పడిపోయిన నెలలో మొదలుపెట్టి మేలో ఆపితే గీత అలాగే కనిపిస్తుంది.

అందుకే సీజన్, పెరుగుదల రెండూ ఒకే రిగ్రెషన్‌లో పెట్టు. అంటే, అమ్మకాల్లో ఏ కారణం వాటా ఎంతో విడదీసే లెక్క. ఒక కాలమ్‌లో 2022 జనవరికి 1, ఫిబ్రవరికి 2, అలా 2025 డిసెంబరుకి 48 అని రాయి. అది పెరుగుదల. పక్కనే నెలకో కాలమ్: ఆ నెలైతే 1, కాకపోతే 0. కానీ పన్నెండు పెట్టొద్దు, పదకొండే. పన్నెండూ పెడితే ప్రతి వరసలో వాటి మొత్తం 1 అయిపోయి, ఏది దేని వాటానో తేలదు. నవంబరుని వదిలెయ్, మిగతా నెలలన్నీ నవంబరు కంటే ఎంత ఎక్కువో చెబుతాయి. ఉదాహరణకి మొదటి సంఖ్య (ఎక్సెల్‌లో Intercept అని వస్తుంది, కాలమ్‌లన్నీ సున్నా అయితే మిగిలేది) 4,000, నెలకి పెరుగుదల 50, మే నెలకి 3,500 వచ్చాయనుకో. 2026 మే 53వ నెల. 4,000కి 2,650, 3,500 కలిపితే 10,150 క్యాన్లు.

ఇక మన ఊరి సంగతి. సంక్రాంతి ఎప్పుడూ జనవరిలోనే కాబట్టి దాని బాధ్యత జనవరి కాలమ్ చూసుకుంటుంది. రొట్టెల పండుగ అలా కాదు. అది మొహర్రంతో వస్తుంది, మొహర్రం చంద్రుడి లెక్క, ఏటా సుమారు పదకొండు రోజులు ముందుకి జరుగుతుంది. 2022లో ఆగస్టు, 2023లో జూలై చివర, 2024, 2025లో జూలై. బారాషహీద్ దర్గాకి వచ్చే జనం తాగే నీళ్లలో ఎక్కువ భాగం జూలై నెల గొప్పే అనుకుంటుంది నీ రిగ్రెషన్. 2026లో పండుగ జూన్ చివరికి వస్తుంది. జూన్‌లో క్యాన్లు చాలక, జూలైలో మిగిలిపోయి ఇబ్బంది పడతావు. అందుకని ఇంకో కాలమ్ పెట్టి, ఆ నెలలో ఎన్ని పండుగ రోజులు పడ్డాయో రాయి. నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఇదే. ఎక్సెల్‌లోని రిగ్రెషన్ టూల్ 16 కాలమ్‌ల దాకా తీసుకుంటుంది, నీకు 13 చాలు. అన్నీ పక్కపక్కనే ఉండాలి.

నీ షీటులో వేసవికీ వానాకాలానికీ తేడా ఏటేటా పెద్దదవుతోంది. కాబట్టి అమ్మకాలకి లాగ్ (ఎక్సెల్‌లో LN) తీసి కూడా ఒకసారి చెయ్యి, తేడాలు క్యాన్లలో కాక రెట్లలో తేలతాయి. అప్పుడు మే నెలకి 0.6 వస్తే, EXP(0.6), అంటే నవంబరుకి 1.82 రెట్లని అర్థం.

లెక్క పాత అంకెలకి ఎంత బాగా సరిపోయిందో చెప్పే ఆర్ స్క్వేర్ (1 అయితే పూర్తిగా సరిపోయినట్టు) 0.9 దాటిందని సంతోషపడిపోకు, ఇలాంటి లెక్కల్లో అది తేలిగ్గానే దాటుతుంది. 2025 దాచిపెట్టి, మొదటి మూడేళ్లతోనే లెక్క కట్టి, 2025ని ఊహించు. 'పోయినేడాది ఇదే నెలలో ఎంతో ఈసారీ అంతే' అనుకుంటే వచ్చే తప్పు కంటే నీ తప్పు తక్కువుందా చూడు. తక్కువ లేకపోతే అంత లెక్కా అక్కర్లేదు, పోయినేటి అంకెలే వాడుకో. నాలుగైదు నెలలు వరసగా ఒకే వైపు తప్పుతుంటే మాత్రం పెరుగుదల దారి మారిందన్నమాట. మీ వీధి చివర కొత్త ప్లాంటు పెట్టారన్నావే, ముందు ఆ నెలల దగ్గర చూడు.

2025 నెలల వారీ తేడాలు వచ్చాక నాకు వాట్సాప్‌లో పంపు. మార్చి ఆర్డరు పెట్టేలోపు కూర్చుని చూద్దాం.

మీ పెదనాన్న