సమాధానం: జొన్నగిరి (కర్నూలు జిల్లాలో బంగారం దొరికే ప్రాంతం) పాత అన్వేషణ రిపోర్టుల్లోని అంకెలు కలిపితే మ్యాపు సగం ఎర్రగా, సగం ఖాళీగా వస్తోంది

యూనిట్ల తేడా అయ్యుంటుంది. ఒక రిపోర్టులో బంగారం పీపీఎంలో (పది లక్షల్లో ఎన్ని వంతులు), ఇంకోదాంట్లో పీపీబీలో (వంద కోట్లలో ఎన్ని వంతులు) ఇచ్చి ఉంటారు. 1 పీపీఎం అంటే 1000 పీపీబీ.

1. పట్టిక తలకట్టు, కింది ఫుట్‌నోట్ చూసి అన్నీ పీపీబీలోకి మార్చండి.

2. చాలామంది వదిలేసేది "<5" అని ఉన్న గడులు. స్కాన్ నుంచి తీసేటప్పుడు ఆ గుర్తు (5 కంటే తక్కువ అని చెప్పేది) ఎగిరిపోతే అది నిఖార్సైన 5 అయి కూర్చుంటుంది. సున్నా వేసినా తప్పే. గుర్తుకో కాలమ్, అంకెకో కాలమ్, డిటెక్షన్ లిమిట్‌కు (ల్యాబ్ పట్టుకోగల కనిష్ఠ మోతాదుకు) ఇంకో కాలమ్ పెట్టండి. ఖాళీ గడిని ఖాళీగానే ఉంచండి, అక్కడ పరీక్షే చేయకపోయి ఉండొచ్చు. లిమిట్‌లో సగం వేసుకోవడం లాంటివి మ్యాపు గీసేటప్పుడు చూసుకోవచ్చు, డేటాబేస్‌లో మాత్రం వద్దు.

3. ల్యాబ్ పద్ధతి, రిపోర్టు పేజీ నంబరు ప్రతి వరుసలో రాయండి.

పాయింట్లు కూడా పక్కకు జరిగి కనిపిస్తే, పాత టోపోషీట్ల (సర్వే మ్యాపుల) ఎవరెస్ట్ డేటమ్‌ను, అంటే అక్షాంశ రేఖాంశాలు లెక్కించిన ఆధారాన్ని, జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్ 84కు మార్చారో లేదో చూడండి.